బడి బయటి బిడ్డ ఏ పేపరు రాయాలి?

ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివే రోజుల్లో అంబేద్కర్ సంస్కృతం తీసుకోవాలనుకున్నారు. అంటరాని కులంలో పుట్టిన పిల్లవాడికి ఆ భాష చెప్పేది లేదన్నారు. దాంతో ఆయన పర్షియన్ తీసుకున్నారు. 1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకున్నారు. బాబాసాహెబ్ పడిన అవమానాలు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి కూడా ఒక మాట చెప్పి ముందుకు పోతాం. మేం మాత్రం ఇక్కడ కాసేపు ఆగుతున్నాం. ఎందుకంటే ఇది సబ్జెక్టు ఎంపిక కథ. ఎవరు ఏ సబ్జెక్టు చదవాలో తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్న కథ.

ఇవాళ ఆ మాట ఎవరూ మొహం మీద అనరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్ల కోసం పెట్టే ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీలో సంస్కృతం కూడా ఒక సబ్జెక్టు. ఎవరైనా దానికి టిక్కు పెట్టొచ్చు. ఏ గడీ ఎవరికీ నిషేధం కాదు. కానీ ఏ గడిలో టిక్కు పెడితే ఏ కోర్సు దొరుకుతుంది, ఏ కోర్సు చేజారిపోతుంది అనేది తెలిసినవాళ్లు కొందరి ఇళ్లలోనే ఉన్నారు. మన ఇళ్లలో లేరు. నిషేధం పోయినా దాని పని ఆగలేదు. ఆ పనిని ఇప్పుడు సమాచారం లేకపోవడం చేస్తోంది.

ఈ దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలేది బడి బయట చదువుకున్న పిల్లలకు. అందుకే ఈ వ్యాసం వాళ్ల గురించి.

ఒకే సర్టిఫికెట్, రెండు పేర్లు

నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్‌ఐఓఎస్) కేంద్ర ప్రభుత్వ సంస్థ. బడికి వెళ్లకుండానే అక్కడ పది, పన్నెండు తరగతులు పూర్తి చేయొచ్చు. పదో తరగతికి 14 ఏళ్లు, పన్నెండో తరగతికి 15 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పని చేసే రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి.

ఎన్‌ఐఓఎస్ తలుపు దగ్గరికి రెండు రకాల పిల్లలు వస్తారు. నగరంలో బాగా చదువుకున్న తల్లిదండ్రులు బడి చదువు నచ్చక ఇంట్లోనే చదివించే పిల్లలు ఒక రకం. వీళ్లను 'హోమ్‌స్కూలర్లు' అంటారు. పత్రికలు వీళ్ల మీద ఆదివారం కథనాలు రాస్తాయి. పత్తి ఏరడానికో, ఇటుక బట్టీకో, చెల్లిని చూసుకోవడానికో బడి వదిలేసి, నాలుగేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టిన పిల్లలు రెండో రకం. వీళ్లను 'డ్రాపవుట్లు' అంటారు. ఇద్దరికీ చేతికొచ్చేది ఒకే సర్టిఫికెట్. ఒకరిది ఎంపిక అట, ఇంకొకరిది వైఫల్యం అట!

అమెరికాలో ఇంటి దగ్గర చదివే పిల్లలకు బడి ఇచ్చే మార్కుల పట్టీ ఉండదు. తమ చదువు నిజమైనదేనని కాలేజీలకు చూపించుకోవడానికి వాళ్లలో చాలామంది ఒకప్పుడు శాట్ సబ్జెక్టు టెస్టులు రాసేవాళ్లు. కాలేజీ బోర్డు ఆ టెస్టులను 2021 జనవరిలో ఆపేసింది. ఇప్పుడు ఆ అవసరానికి ఎక్కువగా అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలను వాడుకుంటున్నారు. వాటిలో 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. ఏ సబ్జెక్టు పరీక్ష రాస్తే ఏ కాలేజీ ఎలా చూస్తుందో వాళ్ల తల్లిదండ్రులు ఏళ్ల ముందే లెక్కలు వేసుకుంటారు. అక్కడ గానీ ఇక్కడ గానీ సూత్రం ఒకటే. బడి వెన్నుదన్ను లేని పిల్లవాడికి పరీక్ష మార్కులే సాక్ష్యం. ఏ పరీక్ష రాయాలో చెప్పడానికి పక్కన ఎవరున్నారనే దగ్గరే తేడా వస్తుంది.

మంచిని కూడా చెప్పుకోవాలి

సీయూఈటీ మీద మన ఉద్యమాల్లో చాలా విమర్శలున్నాయి. కోచింగ్ వ్యాపారం పెరిగిందని, రాష్ట్ర బోర్డుల పిల్లలకు నష్టమని అంటున్నాం. ఆ విమర్శల్లో బలముంది. కానీ ఓపెన్ స్కూల్ పిల్లల వైపు నుంచి చూస్తే ఒక నిజాన్ని ఒప్పుకోవాలి.

2022కు ముందు దిల్లీ విశ్వవిద్యాలయంలో సీటు పన్నెండో తరగతి మార్కుల మీద ఆధారపడేది. 2021లో కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సులకు కటాఫ్ 100 శాతం దగ్గర నిలిచింది. పగలు కూలికి వెళ్లి రాత్రి చదివి ఓపెన్ స్కూల్లో 58 శాతం తెచ్చుకున్న పిల్ల ఆ జాబితాను చూడడం కూడా దండగే. రిజర్వేషన్ కటాఫ్ కొంత తగ్గినా ఆమెకు అందేంత తగ్గేది కాదు. 2022 నుంచి ఆ విశ్వవిద్యాలయం మెరిట్‌ను సీయూఈటీ స్కోరుతో లెక్కిస్తోంది. పన్నెండో తరగతి పాసవ్వాలి, అంతవరకే. ఎక్కడ చదివారు, ఎంత శాతం వచ్చింది అనేవి ప్రధానంగా లెక్కలోకి రావు.

అంటే ఒక గోడ కూలింది. ఆ గోడ కూలిన సంగతి మన బస్తీలకు చేరలేదు. చేరిన చోట కూడా ఏ దారిన లోపలికి పోవాలో ఎవరూ చెప్పలేదు.

రాయడానికి అనుమతి వేరు, సీటుకు అర్హత వేరు

2025లో పరీక్ష ఎలా జరిగిందో చూద్దాం. 13 భాషలు, 23 డొమైన్ సబ్జెక్టులు, ఒక జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్, మొత్తం 37 పేపర్లు. ఒక అభ్యర్థి వీటిలో గరిష్ఠంగా 5 ఎంచుకోవచ్చు. ప్రతి పేపరుకూ 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు కలుపుతారు, తప్పుకు 1 తీసేస్తారు. పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే. పన్నెండులో ఏ సబ్జెక్టు చదివినా, చదవకపోయినా ఏ పేపరైనా రాయొచ్చని ఆ ఏడాది నుంచి ప్రకటించారు.

వినడానికి ఎంత బాగుందో! ఉచ్చు కూడా ఇక్కడే ఉంది. పరీక్ష పెట్టేది నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ). సీటు ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఎన్‌టీఏ రాయనిచ్చిందంటే విశ్వవిద్యాలయం చేర్చుకుంటుందని అర్థం కాదు. ఉదాహరణకు దిల్లీ విశ్వవిద్యాలయం పన్నెండో తరగతిలో చదివిన సబ్జెక్టుల్లోనే సీయూఈటీ రాసి ఉండాలనే నియమం పెట్టింది. అక్కడ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌లో చేరాలంటే సీయూఈటీలో ఎకనామిక్స్ పేపరు తప్పనిసరి కాదు, మ్యాథమెటిక్స్ తప్పనిసరి. ఈ ఒక్క వాక్యం తెలియక దారి తప్పినవాళ్లను మేం చూశాం.

మా పరిశోధన కోసం, అంతకన్నా ఎక్కువగా మా మనసు ఊరుకోక, ఏటా దరఖాస్తుల కాలంలో మేం కొందరం ఒక అంబేద్కర్ భవనంలో కూర్చుని పిల్లల ఫారాలు నింపుతుంటాం. అక్కడికి వచ్చిన ఒక చెల్లి కథ చెప్పాలి. తొమ్మిదో తరగతితో బడి మానేసింది. తర్వాత ఓపెన్ స్కూల్లో పది, పన్నెండు పూర్తి చేసింది. "కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారక్కా? అది చదవాలని ఉంది," అంది. ఆర్థికశాస్త్రం చదవాల్సిన మనిషి అని మాకు వెంటనే అర్థమైంది. ఆమె మా దగ్గరికి రావడం అది మొదటిసారి. పరీక్ష రాయడం మాత్రం మొదటిసారి కాదు. అంతకుముందు ఏడాది ఒక నెట్ సెంటర్లో ఫారం నింపించుకుంది. అక్కడి కుర్రాడు తన ముందు వచ్చిన బైపీసీ అబ్బాయికి పెట్టిన టిక్కులే ఈమెకూ పెట్టేశాడు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ. హాల్ టికెట్ వచ్చాక గాని ఆమె చూసుకోలేదు. జీవితంలో ఎన్నడూ చదవని ఫిజిక్స్ పేపరు ముందు గంట సేపు కూర్చుని వచ్చింది.

ఆ కుర్రాడిని తిట్టి ప్రయోజనం లేదు. రోజుకు వంద ఫారాలు నింపే మనిషి అతను, సలహాదారు కాడు. మా ప్రశ్న వేరు. దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లోకి మన పిల్లల ప్రవేశం నెట్ సెంటర్ కుర్రాడి చేతి వాటం మీద ఎందుకు ఆధారపడాలి?

రెండో ఏడాది ఫారం మేమే నింపుదామని కూర్చున్నాం. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆమె పన్నెండో తరగతిలో లెక్కలు లేవు. పదిలోనూ లేవు.

తప్పు రెండేళ్ల ముందే జరుగుతుంది

ఇంటర్మీడియట్ కాలేజీలో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ అని గ్రూపులుంటాయి. గ్రూపు పంజరమే కావొచ్చు, కానీ దానికి ఒక దారి ఉంటుంది. ఓపెన్ స్కూల్లో ఆ పంజరం లేదు. ఎన్‌ఐఓఎస్‌లో కనీసం ఒక భాషతో కలిపి అయిదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. అవి ఏవన్నది అభ్యర్థి ఇష్టం. పదో తరగతిని కూడా లెక్కలు లేకుండా పూర్తి చేయొచ్చు.

బడి వదిలేసి భయపడుతూ తిరిగొచ్చిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. అందుకే "లెక్కలు వద్దులే, తేలికైనవి పెట్టుకో" అని అందరూ చెబుతారు. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. పాసైతే చాలనుకునేవాళ్లకు ఆ సలహా సరైనదే. కానీ 'మన పిల్లలు పాసైతే చాలు' అనే ఆ చిన్న కొలత ఎక్కడినుంచి వచ్చింది? హోమ్‌స్కూల్ పిల్లవాడి తండ్రి అదే ఎన్‌ఐఓఎస్ జాబితాను ముందు పెట్టుకుని మొదట అడిగే ప్రశ్న "వీడు ఏ కోర్సులో చేరాలి?" అని. మన దగ్గర మొదట అడిగే ప్రశ్న "ఏది గట్టెక్కుతుంది?" అని. రెండేళ్ల తర్వాత సీయూఈటీ ఫారంలో కనిపించే తేడా అంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే పుడుతుంది.

తెలుగు పేపరు, తెలుగు మాధ్యమం

భాష దగ్గర మన పిల్లలు రెండు విషయాలను ఒకటే అనుకుని నష్టపోతున్నారు. తెలుగు భాషా పేపరు ఒకటి, తెలుగు మాధ్యమం ఇంకొకటి.

సీయూఈటీలోని 13 భాషా పేపర్లలో తెలుగు ఉంది. దిల్లీ విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్స్, హిస్టరీ వంటి చాలా ఆనర్స్ కోర్సులకు ఒక భాషా పేపరు కావాలి. అది ఇంగ్లిషే కానవసరం లేదు, తెలుగు రాసినా చెల్లుతుంది. ఇంగ్లిష్ ఆనర్స్ లాంటి వాటి సంగతి వేరు. ఇంగ్లిష్‌లో 120 తెచ్చుకునే పిల్లవాడు తెలుగులో 200 తెచ్చుకోగలిగితే ఆ 80 మార్కులను వదులుకోవడమెందుకు? కేంద్రీయ విశ్వవిద్యాలయం అనగానే ఇంగ్లిష్ తప్పదనే భయం వల్ల వదులుకుంటున్నారు. ఇంకో పక్క మన రాష్ట్రాల ప్రైవేటు జూనియర్ కాలేజీలు మార్కులు బాగా పడతాయని ద్వితీయ భాషగా సంస్కృతం అంటగడుతున్నాయి. ఒకప్పుడు మనకు దక్కనివ్వని భాషను ఇప్పుడు స్కోరింగ్ సరుకుగా అమ్ముతున్నారు. దాని కోసం పిల్లలు తమ బలమైన భాషను చేజేతులా వదిలేస్తున్నారు.

ఇక మాధ్యమం. మిగతా సబ్జెక్టుల ప్రశ్నపత్రాన్ని తెలుగులో కూడా ఎంచుకోవచ్చు. ఇది పోరాడి నిలుపుకోవాల్సిన హక్కే. కానీ ఆ ప్రశ్నలకు ఆధారం ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి సిలబస్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు దొరికేది ఇంగ్లిష్, హిందీ, ఉర్దూలో. పరీక్ష తెలుగులో ఉంది, పుస్తకం తెలుగులో లేదు. తెలుగు అకాడమీ పుస్తకాలు మంచివే గానీ అవి ఇంటర్మీడియట్ సిలబస్ కోసం రాసినవి. కాబట్టి తెలుగు మాధ్యమం ఎంచుకునే పిల్లలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని అధ్యాయాల పేర్లను ముందు పెట్టుకుని, తెలుగు పుస్తకంలో ఏవి ఉన్నాయో ఏవి లేవో సరిచూసుకోవాలి. లేనివాటిని ఎవరితోనైనా చదివించుకోవాలి. విశ్వవిద్యాలయాల్లో చదివే మన విద్యార్థి సంఘాలు చేయాల్సిన పనుల్లో ఇది ముందు వరసలో ఉండాలి.

ఎంచుకునేది ఎలా?

మా అనుభవంలో తేలిన క్రమాన్ని ఇక్కడ పెడుతున్నాం. లెక్క వెనక నుంచి ముందుకు వేయాలి.

మొదట కోర్సు. ఏం చదవాలి, ఎక్కడ చదవాలి? రెండు మూడు విశ్వవిద్యాలయాలు, రెండు మూడు కోర్సులు కాగితం మీద రాసుకోవాలి. దిల్లీ ఒక్కటే లోకం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన దగ్గరే ఉన్నాయి.

రెండోది, ఆ కోర్సుకు ఆ విశ్వవిద్యాలయం అడిగే పేపర్లు. ఒకే కోర్సుకు ఒక చోట డొమైన్ సబ్జెక్టులు అడుగుతారు, ఇంకో చోట జనరల్ టెస్ట్ అడుగుతారు. ఈ నియమాలు ఏటా మారతాయి కాబట్టి పోయినేడాది ఎవరో చెప్పింది పట్టుకోకుండా ఆ ఏడాది సమాచార బులెటినే చూడాలి.

మూడోది, పన్నెండో తరగతి సబ్జెక్టులతో వాటిని పోల్చడం. ఇంకా ఓపెన్ స్కూల్లో చేరనివాళ్లయితే సబ్జెక్టులను ఇప్పుడే దానికి తగ్గట్టు ఎంచుకోవాలి. ఇప్పటికే పాసైనవాళ్లకు అదనపు సబ్జెక్టు రాసే వీలుంటుంది. అలా తర్వాత పాసైన సబ్జెక్టును తాము కోరుకునే విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లేదో ముందే ఈమెయిల్ రాసి, జవాబును దాచుకోవాలి.

నాలుగోది, స్కోరు గురించిన పుకార్లు నమ్మకపోవడం. ఒకే పేపరు వేర్వేరు పూటల్లో జరిగితే మార్కులను ఆ పేపరు రాసిన మిగతావాళ్లతో పోల్చి సర్దుతారు. పేపరు తేలికగా వస్తే అందరికీ తేలికే. 'స్కోరింగ్ సబ్జెక్టు' అని విని, ఎన్నడూ చదవనిది తీసుకుంటే సబ్జెక్టు ఎరిగినవాళ్లతో పోటీపడి ఓడిపోతాం. మన బతుకు మనకు నేర్పినది కూడా చదువే. ఊరు, కులం, కూలి, రాజ్యాంగం గురించి సభల్లో విన్న పిల్లకు సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ పుస్తకాలు పరాయివిగా అనిపించవు.

అయిదోది డబ్బు. 2025లో ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు మూడు పేపర్ల దాకా రూ.800, ఆపైన ప్రతి పేపరుకూ రూ.350. అయిదు పేపర్లకు రూ.1,500. 2025-26లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి రూ.307. అంటే ఒక ఫారానికి అయిదు రోజుల కూలి. "ఎందుకైనా మంచిది" అని అయిదింటికీ టిక్కు పెట్టడం మనకు కుదరదు. అలాగని రూ.350 మిగులుతుందని అవసరమైన నాలుగో పేపరు వదిలేస్తే ఏడాది పోతుంది. నెగెటివ్ మార్కులున్న కంప్యూటర్ పరీక్ష కాబట్టి మౌస్ పట్టుకోవడం పరీక్ష రోజే మొదటిసారి కాకూడదు. ఎన్‌టీఏ పెట్టే ఉచిత నమూనా పరీక్షలను రెండు మూడుసార్లయినా రాసి చూడాలి.

ఇది దానం కాదు, హక్కు

ఓపెన్ స్కూల్ పిల్లలను రెండో తరగతి విద్యార్థులుగా చూసే అలవాటు వ్యవస్థలో ఎంత లోతుగా ఉందో నీట్ చెబుతుంది. 1997 నాటి వైద్య విద్య నిబంధనల్లోని ఒక క్లాజు ఓపెన్ స్కూల్లో, ప్రైవేటుగా చదివినవాళ్లను వైద్య ప్రవేశ పరీక్షకు దూరం పెట్టింది. 2018లో దిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. సీబీఎస్‌ఈ, రాష్ట్ర బోర్డులు గుర్తించిన ఓపెన్ స్కూళ్ల పిల్లలు నీట్ రాయొచ్చని సుప్రీంకోర్టులో తేలేసరికి 2024 మార్చి వచ్చింది. పరీక్ష గదిలోకి అడుగు పెట్టడానికే ఇన్నేళ్లు పట్టింది. ఆ హక్కు తేలాక కూడా ఏ పేపరు రాయాలో తెలియక వెనక్కి వస్తే ఆ పోరాటం సగంలో ఆగినట్టే.

కేంద్ర విద్యా సంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు చట్టబద్ధంగా ఉన్నాయి. సీటు ఉండడం వేరు, ఆ సీటుకు సరిపోయే పేపరు రాసి ఉండడం వేరు. కాబట్టి మా డిమాండ్లు చిన్నవి, స్పష్టమైనవి. ప్రతి ఓపెన్ స్కూల్ అధ్యయన కేంద్రంలో సబ్జెక్టులు ఎంచుకునే రోజునే ఏ సబ్జెక్టుకు ఏ కోర్సు అనే పట్టిక తెలుగులో గోడకు అంటించాలి. సీయూఈటీ దరఖాస్తుల కాలంలో సాంఘిక సంక్షేమ శాఖ ప్రతి మండలంలో ఉచిత సహాయ కేంద్రం నడపాలి. బడి బయట చదివినవాళ్లకు కూడా దాని తలుపులు తెరిచి ఉండాలి. తెలుగులో ప్రశ్నపత్రం ఇచ్చే ప్రభుత్వం తెలుగులో పుస్తకం కూడా ఇవ్వాలి. అప్పటిదాకా ఆ పని మన సంఘాలు చేయాలి. జయంతికి వేసే ఒక ఫ్లెక్సీ ఖర్చుతో ఒకరిద్దరు పిల్లల పరీక్ష ఫీజు కట్టొచ్చు.

ఆ చెల్లి సంగతి చెప్పలేదు కదూ. ఆమె ముందు రెండు దారులు పెట్టాం. తెలుగు, పొలిటికల్ సైన్స్, హిస్టరీ, సోషియాలజీ రాసి ఈ ఏడాదే చేరిపోవచ్చు. లేదా ఇంకో ఏడాది ఆగి లెక్కలు పాసై ఎకనామిక్స్ కోసం ప్రయత్నించవచ్చు. సీయూఈటీకి వయసు అడ్డం కాదని చెప్పాం. సలహా మాత్రం ఇవ్వలేదు, ఎంపిక ఆమెది. రెండు రోజులు ఆలోచించుకుని వచ్చింది. మూడో రోజు మా దగ్గర ఉన్న పదో తరగతి లెక్కల పుస్తకం అడిగి తీసుకెళ్లింది.